కానుగ చెట్టుకు కట్టిన శరదృతువు

ప్రధాన కార్యాలయం నుంచి ఆ సర్క్యులర్ సెప్టెంబరు ఇరవై మూడున జిల్లాకు వచ్చింది. ఇన్‌వర్డ్ గుమాస్తా దాని మీద ముద్ర వేసి, రెండుసార్లు చదివి, తనకు సంబంధించింది కాదని తేల్చుకుని జూనియర్ అసిస్టెంట్ ఓదెలు బల్ల మీద పెట్టాడు. ఆ ఆఫీసులో ఎవరికీ సంబంధించని కాగితాలన్నీ ఓదెలు బల్ల మీదికే వచ్చేవి.

విషయం దగ్గర ఇలా ఉంది: ఉద్యోగుల ఉత్పాదకత పెంపు, శరదృతు నగర యాత్ర, మార్గదర్శకాలు.

దీనికి కారణం ఒక చిన్న పుస్తకం. చెరువు కట్టల పర్యవేక్షణ సంస్థ ఎండీ ఆ వేసవిలో కట్టలు చూడటానికి పది రోజులు విదేశం వెళ్లారు. ఆ దేశంలో చెరువులు లేవు. తిరుగు ప్రయాణంలో విమానాశ్రయంలో ఊరికే పంచుతున్న పుస్తకం ఒకటి ఆయన చేతికి వచ్చింది. శరదృతువులో, తక్కువ ఖర్చుతో, మూడు రోజులు నగరం చూసి వచ్చినవాడు ఏడాదంతా హుషారుగా పని చేస్తాడని అందులో రాసి ఉంది. విమానం దిగేలోపు ఎండీ నిర్ణయం తీసుకున్నారు. అనువాద విభాగం రెండు రోజుల్లో పుస్తకాన్ని తెలుగు చేసింది. ఏది వదలాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి చివర ఉన్న పదాల పట్టికను కూడా అనువదించారు. అది నాలుగో నిబంధన అయింది.

"శరదృతువు అనగా, చెట్ల ఆకులు పసుపు లేక ఎరుపు వర్ణము దాల్చి, ఎవరి ప్రమేయము లేకుండా స్వయముగా రాలు కాలము."

జిల్లాకు ఒక ఉద్యోగి. వెంట భార్య గానీ భర్త గానీ. పట్నంలో మూడు పగళ్లు, రెండు రాత్రులు. ఇద్దరికీ కలిపి రెండు వేల రూపాయలు. అక్టోబరు ముగిసేలోగా బయలుదేరాలి.

రెండు వేలతో పట్నం పోవచ్చు గానీ తిరిగి రాలేమని సూపరింటెండెంటు చెప్పింది. రికార్డు కీపరుకు మోకాళ్లు నొప్పులు. డ్రైవరు తాను ఎలాగూ నెలకోసారి పట్నం పోతూనే ఉన్నానన్నాడు. ఓదెలు మాత్రం సాయంత్రం ఆ కాగితం జిరాక్సు తీయించుకుని ఇంటికి తీసుకుపోయాడు.

అతని భార్య కనకవ్వ బీడీలు చేస్తుంది. పదకొండో ఏట మొదలుపెట్టింది. ఇప్పుడు నలభై ఒకటి. పెళ్లయిన ఏడాదే ఓదెలు ఆమెను పట్నం తీసుకుపోతానన్నాడు. తర్వాత ఇల్లు కప్పించారు. తర్వాత కొడుకు పుట్టాడు. ఇప్పుడు ఆ కొడుకు ఐటీఐ చదువుతూ హాస్టల్లో ఉన్నాడు. పట్నం మాట మాత్రం అలాగే ఉండిపోయింది.

ఓదెలు వెళ్లేసరికి ఆమె ఒళ్లో చాట పెట్టుకుని తునికాకు కత్తిరిస్తోంది. అతను సర్క్యులర్ చదివి వినిపించాడు. ఆమె చేతులు ఆగలేదు. ఆకు చుట్టి, దారం వేసి, కొన మడిచి, ఇంకొకటి తీసుకుంది.

"మూడు దినాలా?" అంది.

"మూడు దినాలు."

"ఆ మూడు దినాలు ఆకు ముట్టకుండ ఉండచ్చా?"

"పట్నంల నీకు ఆకెవడిస్తడు?"

అప్పుడు చేతులు ఆగాయి. "ఐతే పోదాం," అంది కనకవ్వ. "నాకేం చూపెట్టకున్నా మంచిదే. మూడు దినాలు ఆకు కంటికి కనపడకుంటే సాలు."

ఆ రాత్రి అన్నం తిన్నాక ఇద్దరూ పథకం వేసుకున్నారు. ఆడవాళ్లకు బస్సులో టికెట్టు లేదు కాబట్టి ఆధార్ కార్డు మరవకూడదని ఓదెలు మొదటి వరుసలో రాశాడు. తన టికెట్టు తప్పదు. ఉద్యోగుల సంఘం భవనంలో మంచానికి వంద. మొదటి రోజుకు సర్వపిండి కట్టుకుపోవాలి, రెండో రోజుకు అది గట్టిపడుతుంది, అప్పుడు అయిదు రూపాయల భోజనం ఎక్కడ పెడతారో కనుక్కోవాలి. చార్మినారు కింద నిలబడి చూస్తే డబ్బులు అడగరు, పైకెక్కితే అడుగుతారు, కాబట్టి కిందే. ట్యాంకుబండు మీద కూర్చోవడానికి ఎవరూ ఏమీ తీసుకోరు. మెట్రో రైలు ఒక్క స్టేషను దూరం ఎక్కి దిగాలి, వెనక్కి నడిచి రావాలి. అంతా కూడితే నూట అరవై మిగిలింది. అది మిర్చి బజ్జీలకని కనకవ్వ రాయించింది.

మర్నాడు ఓదెలు దరఖాస్తు పెట్టాడు. మూడో రోజు డిప్యూటీ డైరెక్టర్ చకిలం నరహరి పిలిపించాడు. నరహరి ఏ కాగితాన్నయినా కింద నుంచి పైకి చదివేవాడు. సంతకం చేయవలసింది కిందే కాబట్టి ప్రమాదం అక్కడే ఉంటుందని ఆయన నమ్మకం.

"నాలుగో నిబంధన చూసినవా ఓదెలూ?"

"చూసిన సార్."

"ఆకులు రాలుతున్నయా మరి?"

ఓదెలు కిటికీలోంచి చూశాడు. వారం నుంచి ముసురు. "లేదు సార్. చిగురేస్తున్నయి."

"అదీ సంగతి," అన్నాడు నరహరి. ఋతువు ప్రవేశించకుండా యాత్రకు అనుమతి ఇస్తే రేపు ఆడిట్‌లో జవాబు చెప్పవలసింది తానని వివరించాడు. తనకు యాత్ర మీద వ్యతిరేకత లేదు. ఋతువు మీద కూడా లేదు. కాకపోతే వచ్చిందనడానికి ఫైల్లో ఒక కాగితం ఉండాలి.

ఓదెలు పంచాంగం చెప్పే పంతులు దగ్గరికి వెళ్లాడు. ఆశ్వయుజం, కార్తికం శరదృతువని, రేపో మాపో వస్తుందని, ఎవరూ ఆపలేరని పంతులు తెల్ల కాగితం మీద రాసిచ్చాడు. ఆకుల సంగతి అడిగితే, అవి రాలేది శిశిరంలోనని, మాఘ ఫాల్గుణాల దాకా ఓపిక పట్టాలని నోటితో చెప్పాడు. నరహరి ఆ కాగితం తిప్పి చూశాడు. అందులో ఆకు ప్రస్తావన లేదన్నాడు. పంచాంగం ప్రకారం ఋతువు వచ్చినప్పుడు ఆకులు రాలవు, ఆకులు రాలినప్పుడు ఆ ఋతువు ఉండదు. ఈ రెండు వాక్యాలూ రాసి స్పష్టత కోసం ప్రధాన కార్యాలయానికి పంపాడు.

నాలుగు రోజుల్లో జవాబు వచ్చింది. "తమ జిల్లాలో శరదృతువు ఇంతవరకు ప్రవేశించకపోవుట పట్ల ప్రధాన కార్యాలయము అసంతృప్తి వ్యక్తపరచుచున్నది. జాప్యమునకు కారణములు తెలుపుచూ, ఋతువు సత్వరము ప్రవేశించుటకు తగు చర్యలు గైకొనవలెను."

నరహరి ముగ్గురితో కమిటీ వేశాడు. దానికి ఓదెలునే కన్వీనర్ చేశాడు. ఆఫీసు ఆవరణలో పదకొండు చెట్లున్నాయి. కమిటీ వాటికి నంబర్లు వేసింది. పదింటిలో ఏమీ లేదు. పదకొండోది బాదం చెట్టు. దాని మీద ఒక ఎర్రాకు కనిపించింది. కమిటీ పదకొండు గంటల నుంచి దాని కింద నిలబడింది. ఒంటి గంటన్నరకు భోజనానికి వెళ్లి రెండుకు తిరిగొచ్చింది. అప్పటికి ఆకు నేల మీద ఉంది. రాలినప్పుడు ఎవరూ చూడలేదు గనుక అది రాలినట్టు కాదని నరహరి రాశాడు. పైగా ఎవరి ప్రమేయమూ లేదని ఎవరు చెబుతారు, గేటు దగ్గర మేక తిరుగుతోంది.

దరఖాస్తు మూడుసార్లు వెనక్కి వచ్చింది. బతుకమ్మ పండుగ వచ్చింది, పోయింది. దసరా కూడా పోయింది. కనకవ్వ రోజూ సాయంత్రం తలుపు తీస్తూనే అడిగేది, మన ఆకు రాలిందా అని. ఓదెలు చెప్పులు విప్పుతూ తల అడ్డంగా ఊపేవాడు. ఆమె మళ్లీ చాట ముందుకు లాక్కునేది.

అక్టోబరు పదమూడున ఓదెలు నాలుగోసారి దరఖాస్తు రాసుకుని నరహరి గదిలోకి వెళ్లాడు. సూపరింటెండెంటు, డ్రైవరు అక్కడే ఉన్నారు. ఓదెలు సంచిలోంచి కాగితం తీశాడు. కాగితంతో పాటు ఏదో బయటికి వచ్చి, గాలిలో ఒకసారి పక్కకు తిరిగి, నరహరి బల్ల ముందు నేల మీద పడింది.

ఎండిన ఆకు. పసుపూ కాదు, ఎరుపూ కాదు, రెంటికీ మధ్యది.

"ఎవ్వరూ కదలకండ్రి," అన్నాడు నరహరి. లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చాడు. "ఓదెలూ, ఈ ఆకును నువ్వు రాల్చినవా?"

"లేదు సార్. సంచిల ఉన్న సంగతే నాకు తెల్వది."

"నీ ప్రమేయం ఏమన్న ఉన్నదా?"

"ఏం లేదు సార్."

"మేడం, మీరు చూసిన్రా?"

సూపరింటెండెంటు చూశానంది. డ్రైవరు కూడా చూశానన్నాడు. నరహరి గోడ గడియారం చూసి, ఉదయం పదకొండు ఇరవైకి జిల్లాలో శరదృతువు ప్రవేశించినట్టు ప్రొసీడింగ్స్ రాయించాడు. ఇద్దరు సాక్షులు సంతకాలు చేశారు. ఆకును కవరులో పెట్టి ఫైలుకు కుట్టారు. తర్వాత అది ఏ చెట్టుదని నరహరి అడిగాడు. తునికిదని, తన భార్య బీడీలు చేస్తుందని ఓదెలు చెప్పాడు.

"మీ ఇంట్ల ఇంక ఉన్నయా?"

"మా ఇంట్ల ఉండేదే అది సార్."

నరహరి దాన్ని కూడా రాసుకున్నాడు. అది రాసుకోకుండా ఉంటే బాగుండేదని ఓదెలుకు తర్వాత అనిపించింది.

రాష్ట్రంలో ఋతువు ప్రవేశించిన మొదటి జిల్లా తమదేనని ప్రధాన కార్యాలయం అభినందన పంపింది. అనుమతి కూడా పంపింది. కింద ఒక పేరా చేర్చింది. యాత్ర జరుగునది నగరమందు గనుక, శరదృతువు నగరమందు కూడా ఉండుట అవసరమని, నగరములో ప్రస్తుతము ఆకులు లభ్యము కానందున, సదరు జిల్లా తన వెంట రెండు వందల ఆకులు తెచ్చుకొనవలెనని, అవి పుస్తకములోని బొమ్మను పోలి ఉండవలెనని అందులో ఉంది. బొమ్మ జతపరిచారు.

ఓదెలు ఆ బొమ్మను ఇంట్లో చాట పక్కన పెట్టాడు. కనకవ్వ చాలాసేపు చూసింది. ఆకుకు అయిదు కొసలున్నాయి.

"ఇది ఆముదపాకు గదా. చేన్ల ఎంతంటె అంత దొరుకుతది."

"ఆముదపాకు పచ్చగుంటది. వాళ్లకు ఎండింది కావాలె."

కనకవ్వ బొమ్మను పక్కకు జరిపింది. తర్వాత ఆమె అంది, "నేను పొయ్యేదే ఆకు వద్దని. నా తోని ఆకు మోపిస్తున్నరు. ముప్పయ్యేండ్లు ఆకు సక్కగ కత్తిరించమన్నరు, ఇప్పుడు వంకర కత్తిరించమంటున్నరు."

ఓదెలు పోవద్దులే అన్నాడు. ఆమె వినిపించుకోలేదు. బీడీలకు పనికిరాదని పక్కన పడేసిన ఆకు తీసింది, రేకు ముక్క మీద అయిదు కొసల బొమ్మ గీసింది, దాన్ని ఆకు మీద పెట్టి కత్తెర తిప్పడం మొదలుపెట్టింది. అయిదు సాయంత్రాలు పట్టింది. రెండు వందల మీద పది ఎక్కువే చేసింది, దారిలో విరుగుతాయని.

అక్టోబరు ఇరవై ఏడున తెల్లవారుజామున బస్సెక్కి, పది గంటలకు పట్నంలో దిగారు. కనకవ్వ కొత్త చీర కట్టుకుంది. ఒక చేతిలో సర్వపిండి డబ్బా, ఇంకో చేతిలో ఆకుల మూట. ఆకులు ప్రధాన కార్యాలయంలో అప్పగించి, రసీదు తీసుకుని, అక్కడి నుంచి చార్మినారుకు పోవాలని పథకం.

కార్యాలయం ముందు ఒక కానుగ చెట్టుంది. దాని కింద కుర్చీ, బల్ల, గొడుగు. కుర్చీలో ఋతు పరిశీలకుడు పరాంకుశం. ముప్పై నాలుగేళ్లు చెరువుల నీటి మట్టాలు రాసిన మనిషి. ఈ పని కొత్తగా ఇచ్చారు. ఆయన ఆకులు లెక్కపెట్టి, పది వెనక్కి ఇచ్చి, రిజిస్టరు తెరిచాడు.

"ఇప్పుడు వీటిని చెట్టుకు కట్టాలి," అన్నాడు.

కట్టడం ప్రమేయం కిందికి రాదా అని ఓదెలు అడిగాడు. రాలుట గురించి నిబంధన ఉన్నదని, కట్టుట గురించి నిబంధనలు మౌనంగా ఉన్నాయని పరాంకుశం చెప్పాడు. ఎవరు కట్టాలన్న దాని మీద కూడా మౌనంగానే ఉన్నాయి. అటెండర్లు ఇద్దరు ప్రయత్నించారు. ఒకడు కాడ విరిచాడు. ఇంకొకడు వేసిన ముడి చెయ్యి తీయగానే జారింది. కనకవ్వ చూస్తూ నిలబడింది. చివరికి డబ్బా ఓదెలు చేతికిచ్చి, కొంగు నడుముకు చెక్కుకుని, స్టూలు ఎక్కింది. బీడీల దారం ఆమె దగ్గర ఉండనే ఉంది.

ఓదెలు డబ్బా పట్టుకుని కింద నిలబడ్డాడు. ఇరవై రెండేళ్ల తర్వాత భార్యను పట్నం తీసుకొచ్చాడు. ఆమె చెట్టుకు ఆకులు కడుతోంది. అతను ఆమె కాళ్ల వైపు చూశాడు తప్ప ముఖం వైపు చూడలేదు.

అరవై దాకా కట్టాక పరాంకుశం కూర్చున్న చోటి నుంచే పదకొండో నిబంధన చదివాడు. యాత్రికులకు ముందే వినిపించాలని రూలు. ఆకులన్నీ రాలిన వెంటనే శరదృతువు ముగిసినట్లు భావించవలెను. ఋతువు ముగిసిన పిమ్మట యాత్ర సాగరాదు. యాత్రికులు తొలి బస్సులో తిరిగి పోవలెను.

"గాలి బాగానే ఉంది," అన్నాడు. "మూడింటికల్లా అయిపోతుంది. నాలుగింటికి మీకు బస్సుంది."

ఓదెలు సర్వపిండి డబ్బా బల్ల మీద పెట్టేశాడు. మూడు రోజులని రాసి ఉంది కదా సార్ అన్నాడు. మూడు రోజులనేది గరిష్ఠ పరిమితి అని, ఋతువుకు లోబడి ఉంటుందని పరాంకుశం చెప్పాడు.

స్టూలు మీద నుంచి కనకవ్వ అడిగింది. "సారూ, ఆకు రాలకపోతే?"

"రాలకపోతే ఏముందమ్మా, రాలేదాకా యాత్ర నడుస్తుంది. మధ్యలో పోవడానికి మీకూ వీల్లేదు. పోతే రెండు వేలూ జీతంలోంచి రికవరీ."

"మూడు దినాలు దాటితే ఖర్చు?"

"ఋతువు ఆలస్యం యాత్రికుల తప్పు కాదు గదా. అది సంస్థే భరించాలి. రూల్లో ఉంది."

కనకవ్వ మళ్లీ కొమ్మ వైపు తిరిగింది. అప్పటిదాకా దారం రెండు చుట్లు తిప్పుతోంది. అరవై ఒకటో ఆకు నుంచి నాలుగు తిప్పింది. ఆఖరుది కట్టాక, మొదటి అరవై దగ్గరికి వెనక్కి వెళ్లి, వాటికీ రెండేసి చుట్లు వేసింది. పరాంకుశం శ్రద్ధను మెచ్చుకున్నాడు.

ఒంటి గంటకు స్టూలు దిగింది. కొళాయి దగ్గర చేతులు రుద్ది కడుక్కుంది. గేటు దాటాక ఓదెలు ఆగి, ఇంత దూరం తెచ్చి ఇట్లా చేశానని, మూడింటికి మళ్లీ రావాలని అన్నాడు.

"ఎందుకు?" అంది కనకవ్వ. "ముప్పయ్యేండ్ల సంది చేస్తున్న. నా బీడీకి దారం ఊడిందని కార్ఖానాల ఎవడన్న అన్నడా? నడువు, చార్మినారుకు ఏ బస్సో అడుగు."

సాయంత్రం ఆరింటికి పరాంకుశం రిజిస్టరులో రాశాడు. ఆకులు 200. రాలినవి లేవు. ఋతువు కొనసాగుచున్నది.

రెండో రోజు ట్యాంకుబండు. మూడో రోజు మెట్రో. కనకవ్వ రైలు కంటే కదిలే మెట్ల మీద ఎక్కువసేపు గడిపింది. ఎవరూ తోలకుండా తమంతట తామే పనిచేసే మెట్లు ఆమెకు నచ్చాయి. నూట అరవై రూపాయల బజ్జీలు రెండు సాయంత్రాలకు వచ్చాయి. పరాంకుశం రిజిస్టరులో అదే వాక్యం మూడుసార్లు పడింది. ఆయనకేమీ తొందర లేదు. పరిశీలన జరిగిన ప్రతి రోజుకూ ఆయనకు బత్తా ఉంది.

నాలుగో రోజు నుంచి యాత్ర ఖర్చు సంస్థ మీద పడింది. సంఘం భవనం మంచాలు ఖాళీ చేయించి, ఇద్దరికీ అతిథి గృహంలో గది ఇచ్చారు. గదికి కూలరు ఉంది. పొద్దున ఇడ్లీ వచ్చేది. మిగతా జిల్లాల వాళ్లు ఫోన్లు చేయసాగారు. తమ ఊళ్లలో ఋతువు రాలేదని, అందరినీ ఈ చెట్టు కిందికే పంపించవచ్చా అని అడిగారు. చెట్టు ఖాళీ లేదని వాళ్లకు జవాబిచ్చారు.

అయిదో రోజు పెద్ద ఫ్యాను తెచ్చారు. ఫ్యాను పెట్టడం ప్రమేయమా కాదా అని న్యాయ విభాగాన్ని అడిగారు. ఫ్యాను ప్రమేయం కాదు, స్విచ్చి వేయడం ప్రమేయం అని అభిప్రాయం వచ్చింది. ఫ్యాను చెట్టు కిందే ఉంది, ఎవరూ వేయలేదు. ఆ మధ్యాహ్నం కాకి ఒకటి వచ్చి ఒక ఆకును లాగింది. పరాంకుశం పెన్ను తీశాడు. కాకి ఉద్యోగి కాదు, ఉద్యోగి కుటుంబ సభ్యుడూ కాదు, కనుక దాని ప్రమేయాన్ని ప్రమేయంగా చూడాలా అన్నది ఒక ప్రశ్న. దారం తెగలేదు. కాకి ముక్కు విదిలించుకుని వెళ్లిపోయింది. ప్రశ్న మాత్రం ఫైలయింది.

ఏడో రోజు నవంబరు రెండు. ఎండీ స్వయంగా చెట్టు కిందికి వచ్చారు. తల ఎత్తి చూశారు. రెండు వానలకు తడిసి ఎండిన ఆకులు అయిదేసి కొసలతో అలాగే వేలాడుతున్నాయి. వాటి మధ్య కానుగ కొత్తగా చిగురేసింది. అతిథి గృహం నుంచి ఓదెలునూ కనకవ్వనూ పిలిపించారు.

ఎండీ మర్యాదగానే మాట్లాడారు. పుస్తకంలో ఈ ఋతువు మూడు రోజులకు మించి వర్ణించలేదన్నారు. నెలాఖరులోగా నివేదిక పోవాల్సి ఉండిందన్నారు. "అమ్మా, ముడులు వేసింది మీరే. మీరే కొంచెం వదులు చేస్తే..."

"నేను ముట్ట సారూ," అంది కనకవ్వ.

ఎండీ ఓదెలు వైపు చూశారు. ఓదెలు చెట్టు వైపు చూశాడు.

"ఆకు ముట్టద్దనే నేను పట్నం వచ్చిన. దిగిన పూటనే మీ రెండు వందల ఆకులు కట్టిన. అదే ఆఖరు. చేతులు కడుక్కున్న. మీకంత తొందరైతే మీరే ఇప్పుకోండ్రి. పీట ఆడనే ఉన్నది."

ఎండీ స్టూలు వైపు చూశారు. పరాంకుశం దగ్గి, నాలుగో నిబంధన వినయంగా గుర్తు చేశాడు. ఎవరి ప్రమేయము లేకుండా అని ఉంది. సంస్థ తరఫున ఎవరు దారం తెంపినా ఆకు రాలినట్లు కాదు, రాల్చినట్లవుతుంది. అప్పుడు మొత్తం యాత్రే నిబంధనలకు విరుద్ధం. అభినందన పత్రం వెనక్కి తీసుకోవాలి. ఇక నాలుగో నిబంధననే మార్చవచ్చు గానీ, దాని కింద ఉన్న సంతకం ఎండీది.

కనకవ్వకు మెమో ఇచ్చే వీలు లేదు, ఆమె ఉద్యోగి కాదు. ఓదెలుకు ఇవ్వడానికి అతను ఏ ముడీ వేయలేదు. ముడి విప్పమని రాతపూర్వకంగా ఆదేశిస్తే ఆ ఆదేశమే ప్రమేయం. ఎండీ అక్కడే నిలబడి ఇదంతా ఒక్కొక్కటిగా ఆలోచించి, కారెక్కారు.

సాయంత్రం అతిథి గృహానికి కొత్త సర్క్యులర్ వచ్చింది. ఓదెలు వరండాలో దీపం కింద నిలబడి చదివాడు. "ప్రస్తుత శరదృతువు తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు కొనసాగును. యాత్రికులు అంతవరకు నగరము విడువరాదు."

కనకవ్వ మెట్టు మీద కూర్చుని ఉంది. చేతులు ఒళ్లో ఉన్నాయి. ఒళ్లో వేరే ఏమీ లేదు.

"అంటే ఏమన్నట్టు?"

"ఇంటికి పోవద్దంటున్నరు."

"పోకుంటే నీ నౌకరీకి ఏం కాదు గద?"

"పోతెనే అయితది."

ఆమె కాసేపు రోడ్డు మీద పోతున్న బస్సులను చూసింది. ఓదెలు జేబులోంచి పథకం కాగితం తీశాడు. చూడవలసినవన్నీ చూశారు. రేపటికి గోల్కొండ పెట్టుకుందామా, జంతువుల పార్కు పెట్టుకుందామా అని అడిగాడు. గోల్కొండైతే ఎక్కడం ఎక్కువ, పార్కైతే నడవడం ఎక్కువ అని లెక్క చెప్పబోయాడు.

"రేపటికి ఏం పెట్టకు," అంది కనకవ్వ. "ఊకె కూసుందాం."